రాని గ్యాసుకు ఆపరేటర్ని

మా దీవిలోని డాలీగంజ్‌లో అందరూ డీజిల్ పొగ పీలుస్తున్న రోజుల్లో నేనొక్కణ్ణే గ్యాసు నిపుణుణ్ణి. పవర్ హౌస్‌లో జనరేటర్లు చూసుకునే నన్ను ఆఫీసువాళ్ళు కాకినాడ వైపు ట్రైనింగుకి పంపారు. గ్యాసుని ద్రవంగా మార్చి ఓడలో తెస్తారట, దాంతో కొత్త ప్లాంటు నడుస్తుందట. ఆర్నెల్లు వాల్వులు తిప్పడం నేర్చుకుని తిరిగొచ్చాను. ప్లాంటే రాలేదు.

అయినా పని జరగలేదని అనకూడదు. స్థలం చూశారు. కంచె వేశారు. లోపల బోర్డు పెట్టారు. ఆ బోర్డుకి రెండుసార్లు రంగు కూడా వేశారు.

ఆదివారం తెలుగు చర్చి నుంచి బయటికి రాగానే ఎవరో ఒకరు, "భయ్యా, గ్యాస్ కబ్ ఆయేగా?" అని, గ్యాసెప్పుడొస్తుందని హిందీలో అడిగేవారు. "ఇదిగో, వచ్చేస్తోంది" అనేవాణ్ణి, ఆ ఓడని నేనే నడుపుతున్నట్టు.

మా అక్కకి వండూర్‌లో చిన్న భోజన హోటలుంది. ఒకరోజు ఇంటికొచ్చి, "రేకుల మీద సోలార్ పెట్టిద్దామనుకుంటున్నానురా" అంది.

పెద్దగా నవ్వాను. "వానాకాలమంతా ఇక్కడ సూర్యుడు సెలవులో ఉంటాడే. గ్యాసొచ్చాక ఆ పలకల మీద అప్పడాలు ఎండబెట్టుకుంటావా?"

"నీ గ్యాసొచ్చేదాకా నా ఫ్రిజ్జులో చేపలు ఆగవురా" అంది. పెట్టించేసుకుంది. నిపుణుల మాట వినడం మా ఇంటి ఆడవాళ్ళకి మొదట్నుంచీ అలవాటు లేదు.

కొన్నాళ్ళకి మెయిన్‌ల్యాండ్ నుంచి ఓ పెద్ద అధికారి వచ్చి మీటింగు పెట్టాడు. సోలారూ బ్యాటరీలూ అనుకున్నదానికంటే ముందే వచ్చేస్తున్నాయి, ఇప్పుడు గ్యాసు ప్లాంటు కడితే అది పాతబడకముందే మూతపడుతుంది, అందుకే ప్లాంటు కట్టాల్సిన కంపెనీ తప్పుకుంది అన్నాడు.

చెయ్యెత్తాను. "సార్, మరి ట్రైనింగైనవాళ్ళ సంగతి?"

"ఎంతమంది?"

"నేనొక్కణ్ణే సార్."

"హమ్మయ్య, అయితే పెద్ద సమస్య కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. మర్యాద కోసం నేనూ నవ్వాను.

ఇంటికెళ్ళబుద్ధి కాలేదు. బస్సెక్కి వండూర్ వెళ్ళాను. ఊరంతా కరెంటు పోయింది, అక్క హోటల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆమె అన్నం పెట్టి, చేప ముక్క ఇంకోటి వేసింది. తిట్టినా బాగుండేది. తిన్నాక, "ఆ బ్యాటరీ వైర్లు ఉప్పుగాలికి తుప్పు పడుతున్నాయి, ఓసారి చూడు" అంది. చూశాను. సాయంత్రమయ్యేదాకా అక్కడే కూర్చుని బాగుచేశాను.

మర్నాడే సోలార్ సెక్షన్‌కి మార్చమని అర్జీ పెట్టుకున్నాను. అక్కడ నా పై అధికారి పాలిటెక్నిక్ నుంచి అప్పుడే బయటికొచ్చిన అమ్మాయి. మొదటిరోజు సోలార్ పలకలు కడగమని బకెట్టూ బ్రష్షూ చేతికిచ్చి, "అంకుల్, ముందు పానీ, తర్వాత బ్రష్" అంది. నేను గట్టిగా "సరే మేడమ్!" అని అరిచాను. ఆ పిల్ల ఉలిక్కిపడింది. జనరేటర్ల మోత లేనిచోట అరవక్కర్లేదని నాకు తెలిసిరావడానికి నాలుగు వారాలు పట్టింది.