కారే మూలకి తరుగు

మా మావయ్యగారికి బరంపురంలో పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. లారీలోంచి దిగిన బస్తాల్లో ఒకటి తడిసి ఉంటే, దానికెంతో లెక్కగట్టి కోసేసి మిగతా సొమ్ము అప్పటికప్పుడే ఇచ్చేస్తారు. ఆ కోతని తరుగు అంటారు. తరుగు తీశాక ఇటువైపు వాళ్ళకీ అటువైపు వాళ్ళకీ మరి మాట ఉండదు. మా డాబా విషయంలో కూడా ఆయన అదే చేశారు.

ఎండాకాలంలో శ్లాబు మీద నీరు దిగకుండా పూత వేయించాం. వేయించమని పట్టుబట్టింది నేనే. మా పాపకి ఇంకా రెండేళ్ళు నిండలేదు. పడకగది గోడ చెమ్మెక్కితే చాలు, దాని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. పనయ్యాక పడిన మొదటి వానకి డాబా అంతా బాగానే ఉంది. మా గది మీది మూల మాత్రం కారింది. పాప పడుకునేది ఆ మూలనే.

మిగతా డబ్బు కోసం మేస్త్రీ వచ్చాడు. మావయ్యగారు వసారాలో కూర్చుని డాబాని మనసులోనే పది ముక్కలు చేశారు.

"ఒక ముక్క పాడయింది. పదో వంతు కోసేస్తన్నాను. ఏటంటావు?"

"మీ మాట కాదంటానా సావుకారూ," అన్నాడతను. అంత తొందరగా ఒప్పుకోవడం చూసి నాకు గుబులు పుట్టింది.

"మావయ్యగారూ, ఇది బస్తా కాదు కదండీ, పక్కన పెట్టేసి ఊరుకోడానికి. కోయొద్దు. ఆ మూల మళ్ళీ చెయ్యడానికి ఎంతవుతుందో అంతా ఆపుదాం. కారడం ఆగాక ఇచ్చేద్దాం."

"సూడవయ్యా, మా కోడలు బీకామ్. ఇన్నాళ్ళూ నేను తప్పు లెక్కలు కట్టేనంట," అని ఆయన నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు.

"అది సెప్పింది ఇనరాదా," అని వంటింట్లోంచి అత్తయ్యగారు అనేలోపే డబ్బు చేతులు మారిపోయింది.

రెండో వానకి మరక అలమారా దాకా పాకింది. మేస్త్రీకి ఫోన్ చేశాను.

"ఆ మూలకి నేను డబ్బు తీసుకోనేదు కదమ్మా. సావుకారు కోసేసినారు. ఇంక దాంతో నాకు పని లేదు," అన్నాడు, మర్యాదగానే.

పదో వంతు మిగుల్చుకుని ఆ కారే మూలని మేమే ఉంచుకున్నాం.

మావారు ఇంకో మేస్త్రీని తీసుకొచ్చారు. ఒక్క మూలకే వేస్తే అతుకు దగ్గర మళ్ళీ దిగుతుందని, ఆ వాలంతా పాత పూత గీకి కొత్తగా వెయ్యాలని, అదీ వానలు తగ్గాకేనని అతను చెప్పాడు. మేం కోసిన సొమ్ము గీకుడు కూలీకైనా చాలదు. మావయ్యగారు అంతా విని కొట్టుకి వెళ్ళిపోయారు.

సాయంత్రం బస్తాలమీద కప్పే టార్పాలిన్ తెచ్చి, మావారి చేత డాబా మీద కట్టించారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "పాపని మా గదిలో పడుకోబెట్టమ్మా. నేను వసారాలో పడుకుంటాను," అన్నారు.

"మీకెందుకండీ ఇబ్బంది?"

"ఏటి, దీనిక్కూడా లెక్క కడతావా?"

కొత్త మేస్త్రీతో డబ్బు మాట మావయ్యగారు నన్నే మాట్లాడమన్నారు. పని నిలిచేదాకా కొంత ఆపుతామంటే అతను ఒప్పుకుంటాడో, వేరే పని చూసుకుంటాడో తెలీదు. ఇప్పుడు గోపాలపూర్ వైపు నుంచి గాలి లేచింది. పైన టార్పాలిన్ కొట్టుకుంటోంది. ఆ చప్పుడైనప్పుడల్లా ఇది రాయడం ఆపి, పాప ఛాతీకి చెవి ఆనించి వింటున్నాను.