మూడో నంబరు గీత

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అమలాపురంలో నర్సింగు చదివేటప్పుడు మార్చురీ పక్క గదిలో కూర్చుని అన్నం తిన్నదాన్ని. ప్రార్థన కూటాల్లో దయ్యం పట్టిందని ఊగిపోయేవాళ్లను చూస్తే నాకు చిరాకు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

కరోనా తగ్గాక దుబాయ్ వచ్చాను. నర్సు లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాను. చివరికి అల్ ఖూజ్‌లో గోదాముల మధ్య ఉన్న ఒక పరిశోధనశాలలో కోతులను చూసుకునే పని దొరికింది. నాలుగు కోతులు, నాలుగు బోనులు. ప్రతి కోతి తలలోనూ సన్నని తీగ ఉండేది. మెదడులో వినికిడి భాగంలో ఒక రసాయనం ఏ వేళకు ఎంత ఉందో తెర మీద గీతగా కనిపించేది. ఒకే శబ్దాన్ని మెదడు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా వింటుందా అన్నది డాక్టర్ల ప్రశ్న.

బోనుల దగ్గర చప్పుడు చేయకూడదని నియమం. కానీ మూడో నంబరు కోతికి సాయంత్రం ఐదింటికి అరటిపండు ఇచ్చే ముందు, మా ఇంట్లో కోళ్లను పిలిచినట్టు, నాలుకతో రెండుసార్లు టక్ టక్‌మనేదాన్ని. అది పరుగెత్తుకొచ్చి నా వేలు పట్టుకునేది. రోజంతా ఆ వేళ కోసమే చూసేదాన్ని.

మూడు నెలలకు డాక్టర్లు సంబరపడ్డారు. మూడో నంబరు గీత రోజూ సరిగ్గా ఐదింటికి లేస్తోందట. ఇంత చక్కటి లయ మిగతా వాటిలో లేదట. అందుకని మెదడు బయటికి తీసి చూడటానికి దాన్నే ఎంచుకున్నారు.

ఆ లయ నా నాలుకదని నాకు తెలుసు. చెబితే ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది. చెప్పలేదు.

మెదడు తీసే రోజు అది మూలకు నక్కి, చెయ్యి పెట్టిన వాళ్లందరినీ కరిచింది. యంత్రాలు చూసే కరీంనగర్ శ్రీనన్న నా దగ్గరికొచ్చాడు.

"చెల్లె, నువ్వు పిలువు. నీకైతేనే వస్తది. జల్ది ఖలాస్ చేద్దాం."

పిలిచాను. వచ్చింది. నా వేలు పట్టుకుంది. రెండో చేత్తో సూది గుచ్చిందీ నేనే. గురి తప్పలేదు, మంచి నర్సునే మరి. ఈ ముక్క రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మర్నాడు ఖాళీ బోనులో, దాని తల నుంచి తీసిన తీగ కొక్కేనికి వేలాడుతోంది. ఐదింటికి మూడో గీత లేచింది. శ్రీనన్న తీగ మార్చాడు, యంత్రం మార్చాడు. అయినా రోజూ లేచింది. నేను మొదటిసారి సెలవు పెట్టిన ఆదివారం మాత్రం లేవలేదని ఆయనే చెప్పాడు. నేనేమైనా టక్‌మంటున్నానేమోనని పక్కన నిలబడి మరీ చూశాడు, నేను నోరే మెదపలేదు.

ఎనిమిదో రోజు తట్టుకోలేకపోయాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. దానితో నాకున్న మాట ఒక్కటే. గీత లేస్తుండగా, ఖాళీ బోను ముందు నిలబడి టక్ టక్‌మన్నాను.

గీత ఒక్కసారిగా పడిపోయింది. మళ్లీ లేవలేదు.

ఎక్కడో వైరు వదులైందని శ్రీనన్న అన్నాడు. కావచ్చు. ఆ పని మానేసి ఇప్పుడు దుబాయ్‌లోనే సత్వాలో ఒక ముసలామెను చూసుకుంటున్నాను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. చచ్చినదాని గీత ఎలా లేచిందో నాకు తెలియదు. చావుకు పిలిచిన ఆ పిలుపే మళ్లీ వినగానే ఎందుకు పడిపోయిందో మాత్రం నాకెవరూ చెప్పక్కర్లేదు.