జరపకు, కాపీ చెయ్యి

సారు ఊరు కోఠారి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను గని ఆఫీసులో ప్రింటరుకు కాగితం ఎక్కిస్తున్నాను. "సారు పోయిండమ్మా. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే కూలబడ్డడు" అన్నాడు సారు తమ్ముడు. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇక ఆయనకు చెప్పలేను కదా అన్నదే ముందు తోచింది. ఏడాదిన్నరగా రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అని కడుపులో పెట్టుకున్న మాట ఒకటుంది. ఆయన ఉండగా నోరు పెగల్లేదు. ఇప్పుడు మీతో చెప్తున్నాను.

సారు అంటే బడిలో సారు కాదు. చంద్రపూర్ దగ్గర ఒక బొగ్గుగనిలో, కిందికి దిగేవాళ్ళకు దీపాలిచ్చే లాంప్ రూమ్‌లో క్లర్కుగా చేరి, కంప్యూటర్లు వచ్చాక యాభై ఏళ్ళ వయసులో పట్టుబట్టి నేర్చుకుని, గ్యాస్ గదికి ఇన్‌చార్జి అయిన మనిషి. నన్ను కాంట్రాక్టు మీద పనిలోకి తీసుకున్నది ఆయనే. మా బాపు అదే గనిలో దిగుతాడు. నా చదువంతా మరాఠీలో సాగింది, తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం వచ్చేది కాదు. "ఇంట్ల మాట్లాడే మాట రాయరాకుంటే ఎట్ల బిడ్డా" అని గది రిజిస్టరు నాచేత తెలుగులో రాయించాడు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన చలవే.

మా గదిలో పని ఇదీ. భూమి కింద అక్కడక్కడా గ్యాస్ కొలిచే డబ్బాలుంటాయి. వాటి అంకెలు కేబుల్ మీద మా లినక్స్ మెషీన్‌కు వస్తాయి. ఒక ప్రోగ్రాం ఆ అంకెల్ని, ఏ చోట ఎంతవరకు ఫరవాలేదో రాసి ఉన్న ఫైలుతో పోల్చి, దాటితే సైరన్ కొడుతుంది. ఇంకో ప్రోగ్రాం అవే అంకెల్ని పెద్దాఫీసుకు రిపోర్టుగా చూపిస్తుంది. సారు భయమంతా ఈ రెండో దాని మీదే. బయటివాళ్ళతో మాట్లాడేది అదే కదా, రేపు ఎవడైనా దాంట్లో దూరితే హద్దుల ఫైలును మార్చేయగలడు, అప్పుడు సైరన్ మోగదు.

అందుకని ఆయన నెలల తరబడి కూర్చుని ఆ మెషీన్‌కు ఒక పాలసీ, అంటే కట్టుబాట్ల జాబితా, రాశాడు. ప్రతి ఫైలుకూ ఒక ముద్ర, ప్రతి ప్రోగ్రాంకూ ఒక ముద్ర. ఏ ముద్ర ఉన్నది ఏ ముద్రను తాకవచ్చో పాలసీలో రాసి ఉండాలి, రాయనిది కుదరదు. ఆ ప్రోగ్రాం మెషీన్ యజమాని పేరుతో నడుస్తున్నా సరే. నాకు మొదట తలకెక్కలేదు. ఆయన నన్ను లాంప్ రూమ్‌కు తీసుకెళ్ళి, గనిలోకి దిగేవాళ్ళు తగిలించి పైకొచ్చాక తీసుకునే ఇత్తడి బిళ్ళల బోర్డు చూపించాడు. "పెద్ద సాబైనా బిళ్ళ ఇయ్యంది దిగొద్దు. సాబ్ మీద నమ్మకం లేక కాదు. పైన ఉన్నోళ్ళకు లోపల ఎవరున్నరో ఎర్క ఉండాలె గద" అన్నాడు.

ఆయన తన పాత బిళ్ళను మా గదికి కూడా తెచ్చుకున్నాడు. తలుపు పక్క గోడకు లోపల ఒక మేకు, బయట ఒక మేకు. గదిలోకి రాగానే లోపలి మేకుకు తగిలించేవాడు, పోయేటప్పుడు బయటి మేకుకు. నవ్వుకునేవాళ్ళం. నాకూ ఒకటి చేయించి ఇచ్చి, తన మేకుల పక్కనే నాకో జత కొట్టాడు, నవ్వు ఆపాను.

పాలసీ ఎవరినైనా ఆపితే ఆ సంగతి ఒక వరుసగా నమోదవుతుంది. సారు రోజూ షిఫ్ట్ మొదలైన కాసేపటికి ఆ వరుసలన్నీ ప్రింటు తీసి, ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివేవాడు. "మెషీన్ కాదన్నదంటే ముందుగల ఎందుకన్నదో చదువు. దాని నోరు మూసుడు తర్వాత" అనేవాడు. చాయ్ చల్లారిపోయేది. చల్లారిన చాయే తాగేవాడు.

ఇక నా సంగతి. ఒకరోజు కొత్త పనిచోటు ఒకటి తెరిచారు, హద్దుల ఫైలులో దాని వరుస చేర్చమన్నాడు సారు. నేను నా ఫోల్డరులో కొత్త ఫైలు తయారుచేసి, పొద్దున్నే దాన్ని పాతదాని స్థానంలోకి జరిపాను. కాపీ చేయలేదు, జరిపాను. జరిపితే ఫైలుతో పాటు దాని పాత ముద్రా వెంట వస్తుందని సారు నాకు రెండుసార్లు చెప్పాడు. తొందరలో మరిచాను. ఆ ఫైలు మీద నా సొంత ఫోల్డరు ముద్ర అలాగే ఉంది. సైరన్ ప్రోగ్రాంకు ఆ ముద్రను తాకే అనుమతి లేదు. హద్దులు చదవలేక అది ఊరికే కూర్చుంది. తెర మీద అంకెలు మాత్రం ఎప్పటిలా కదులుతున్నాయి.

సారు ప్రింటు తీస్తే రోజూ సగం పేజీ వచ్చేది ఆగకుండా వస్తోంది. రెండు వరుసలు చదివి తెర వైపు చూశాడు. ఆ వరుసల్లో నా ఫోల్డరు ముద్ర నాకూ కనిపించింది. కొత్త చోట అంకె ఎప్పుడో హద్దు దాటింది. ఫోన్ అందుకుని మొదటి షిఫ్ట్ మొత్తాన్ని పైకి రమ్మన్నాడు. ఎవరో "ముందు ఆ పాలసీ బంద్ చెయ్యండి సార్, సైరన్ మోగుతది" అన్నారు. "సైరన్ సంగతి తర్వాత. మనుషులను పైకి రానీ" అన్నాడు.

బాపు ఆ షిఫ్ట్‌లోనే ఉన్నాడు. నేను లాంప్ రూమ్ బోర్డు ముందు నిలబడ్డాను. ఒక్కొక్క బిళ్ళా తీసుకుపోతున్నారు. బాపు బిళ్ళ కదలలేదు. దేవుడికి మొక్కుదామన్నా నేనే చేశాను, నేనే చేశాను అన్నదొక్కటే లోపల తిరుగుతోంది. చివరి గుంపులో బాపు వచ్చాడు. నన్ను చూసి "గిట్ల నిలబడ్డవేంది బిడ్డా" అని బిళ్ళ తీసుకుని పోయాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ విచారణలో మేనేజరుగారు "మీ పాలసీ కంచె సైరన్‌ను కట్టేసింది" అన్నారు. సారు లేచి, "పాలసీ రాసింది నేను. ఫైలు దొరక్కుంటే సైరన్ కొట్టుమని ప్రోగ్రాంల రాయాలె, రాయలే. తప్పు నాదే" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఫైలు జరిపిన చేయి పక్కనే ఉంది. నేను నోరు తెరవలేదు. ఉద్యోగం పోతుందని భయం, బాపుకు తెలుస్తుందని అంతకంటే భయం.

సారును ఇన్‌చార్జి పని నుంచి తీసి, అదే గదిలో మామూలు క్లర్కుగా ఉంచారు. ఆ పని నాకిచ్చారు. మర్నాడు ఆయన తాళంచెవులు, పాస్‌వర్డు కాగితం నా బల్ల మీద పెట్టి, "ఒకటి గుర్తుంచుకో బిడ్డా. జరపకు, కాపీ చెయ్యి" అన్నాడు. అంతే. తల ఎత్తి ఆయన ముఖం చూడలేకపోయాను. తెలిసే అన్నాడా అని ఏడాదిన్నర నలిగిపోయాను.

మేనేజరుగారి ఆర్డరుతో అప్పటి నుంచి పాలసీ ఉత్తగా చూస్తుంది. ఎవరు ఏం తాకారో రాసుకుంటుంది, ఆపదు. సారు ప్రోగ్రాంలోని తన లోపం సరిచేశాడు. రోజూ పేజీలు చదివి, సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి, "మల్ల చాలు చేద్దామా" అని అడిగేవాడు, అంటే అనుమతి లేనివాటిని పాలసీ మళ్ళీ ఆపేలా చేద్దామా అని. మేనేజరు ఒప్పుకోవాలంటే ఆ రోజు తప్పు పాలసీది కాదని చెప్పాలి. చెప్పాల్సింది నేను. "రేపు చూద్దాం సార్" అనేదాన్ని. చివరి సాయంత్రం కూడా అదే అన్నాను. ఆయన తల ఊపి, సంచీ తీసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

సంతాప సభ అయిన వెంటనే మేనేజరుగారు నన్ను పిలిచి చెప్పారు. సోమవారం బయటి కంపెనీవాళ్ళు వచ్చి మా మెషీన్‌కు టెలిఫోన్ లైను కలుపుతారు, నాగ్‌పూర్ నుంచే రిపోర్టులు చూసుకుంటారు, ఆ పాలసీ మొత్తం తీసేయాలి. సారు ఏ దారికి భయపడ్డాడో ఆ దారి తెరిచి, వేసిన తలుపు పీకేయమంటున్నారు. కింద బాపు ఉంటాడు.

సారు సొరుగు వెతికాను. పాత పేజీలన్నీ రోజు వారీగా కట్టి ఉన్నాయి. సైరన్ మోగని ఆ రోజు పేజీ విడిగా, నాలుగు మడతల్లో దొరికింది. ఫైలు ముద్ర చుట్టూ ఎర్ర పెన్సిలు గీత, పక్కన నా పేరు, నేను జరిపిన సమయం, ఆయన చేతిరాతలో. తెలుసు. ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు.

ఆ కాగితం ముందు బాపుకు చూపించాను. మొత్తం విన్నాడు. "నన్ను ఆపదల పెట్టినవని కోపం లేదు బిడ్డా. గీ మాట ఆయన బతికున్నప్పుడు చెప్పకపోతివి" అన్నాడు. నాకు ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు.

మేనేజరుగారు కాగితం రెండుసార్లు చదివారు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని హిందీలో అడిగారు. చివరికి, "సోమవారం లోపల ఆ పాలసీ చాలు చెయ్యి. ఆ తర్వాత ఆ గదికి రావద్దు" అన్నారు.

చాలు చేస్తే పనికొచ్చేది ఏదీ ఆగదని తేల్చుకోవడానికి నెల రోజుల పేజీలు ఒక్కో వరుసా చదివాను, సారు పెన్సిలుతోనే. హద్దుల ఫైలు పక్కకు పెట్టి చూశాను, సైరన్ మోగింది. తిరిగి పెట్టేటప్పుడు కాపీ చేశాను. పాలసీ మళ్ళీ ఆపేలా చేసి, రిపోర్టు ప్రోగ్రాంతో ఆ ఫైలు మార్చబోయాను. కుదరదంది. ప్రింటరు ఆ వరుస కొట్టింది.

తాళంచెవులు బల్ల మీద పెట్టి, నా బిళ్ళ తీసి బయటి మేకుకు వేద్దామని తలుపు దగ్గరికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ గమనించలేదు, సారు బిళ్ళ లోపలి మేకుకే ఉంది. నేను చివరిసారి రేపు అన్న ఆ సాయంత్రం, అన్నేళ్ళలో మొదటిసారి, ఆయన దాన్ని మార్చడం మరిచిపోయాడు. తీద్దామని చేయి పెట్టాను. తీయలేదు. దాని పక్కన నా మేకు ఖాళీగా ఉంది, నాది తీసిన గుర్తు మాత్రం గోడ మీద తెల్లగా, గుండ్రంగా.