టర్బో కారు రబ్బరు పైపు

మూకండపల్లిలో షెడ్డు పెట్టిన కొత్తల్లో నాకు పొగరు ఎక్కువ. ఉద్దనపల్లిలో గులాబీ తోటలున్న ఒకాయన తన పాత జపాన్ టర్బో కారు నా దగ్గరే రిపేరు చేయించేవాడు. ఇంజను విప్పి, కట్టి ఇచ్చిన మూడు వారాలకే ఒక పిస్టన్ కరిగిపోయింది. నేను ఊరుకుంటానా? పదిమందీ వింటుండగా అరిచాను.

"కల్తీ పెట్రోలు పోయించుకుంటే నేనేం చేసేదన్నా? నా పనిలో వంక లేదు!"

ఆయన ఎదురు చెప్పలేదు. "కొత్త పిస్టన్ వెయ్యప్పా. మళ్లీ పోతే మాత్రం పాత ఇనుముకు వేసేస్తా," అన్నాడంతే. అదే జరిగితే నా షెడ్డు పేరూ పాత ఇనుమే.

పిస్టన్ దొరకడానికి రెండు నెలలు పట్టింది. బిగించాక వేరే బంకులో పెట్రోలు నింపించి నేనే ట్రయలుకు తీసుకుపోయాను. చదును రోడ్డు మీద బాగానే పోయింది. కృష్ణగిరి నుంచి తిరిగొస్తూ ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కానో లేదో, ఇంజనులో టకటకమని చప్పుడు, నాకింగ్! అంటే తప్పు పెట్రోలుది కాదు. మెల్లగా షెడ్డుకు చేర్చాను. ఇది తేల్చేదాకా ఇంకో బండి ముట్టేది లేదనుకున్నాను.

ఆ కారులో స్పార్కు ఎప్పుడు పడాలో సర్దేది, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న చిన్న డబ్బా. ఇంజను నుంచి దానికి ఒకటే రబ్బరు పైపు. మెల్లగా పోయేటప్పుడు ఇంజను ఆ పైపులోంచి గాలి పీలుస్తుంది, డబ్బాలోని పొర కదిలి స్పార్కు ముందుగా పడుతుంది. గట్టిగా తొక్కితే టర్బో ఇంజనులోకి గాలి నూకుతుంది, అప్పుడు అదే పైపులో ఒత్తిడి వస్తుంది, పొర అటువైపు జరిగి స్పార్కును ఆలస్యం చెయ్యాలి. చెయ్యకపోతే మంట తొందరపడి పిస్టన్‌ను తినేస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? మా మెకానిక్కులందరిదీ ఒకటే అలవాటు. పైపు నోట్లో పెట్టుకుని పీలుస్తాం. డిస్ట్రిబ్యూటర్ లోపల ఆ పొర లాగే ప్లేటు కదిలి, పైపు నాలుకకు అతుక్కుంటే అంతా బాగున్నట్టే. మామూలు కార్లకు అది చాలు. ఈ కారుకూ నేను అంతే చేశాను.

మూడు రోజులు అన్నీ విప్పి చూశాను. నాలుగో రోజు కసికొద్దీ అదే పైపులో బలంగా ఊదాను. ప్లేటు కదల్లేదు. చెంపకు గాలి తగిలింది. పైపు వంపు కింద వెంట్రుకంత చీలిక! పీలిస్తే మూసుకుంటోంది, ఊదితే నోరు తెరుస్తోంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

కొత్త పైపు వేసి, పీల్చి, ఊది, మళ్లీ అదే ఎత్తు మీద పూర్తిగా తొక్కాను. చప్పుడు లేదు.

కారాయనను పిలిపించాను. సిగ్గుతో చచ్చిపోతున్నా చెప్పేశాను. "పెట్రోలు మంచిదేనన్నా. పైపు నేనే సరిగా చూడలేదు. నీ పిస్టన్‌ను పోగొట్టింది నేనే."

ఆయన బానెట్ మీద చెయ్యి ఆనించాడు.

"నేను పెట్రోలు పోయించుకున్న బంకు మా బావదప్పా. నీ మాట నమ్మి ఆయప్పను నానా మాటలూ అన్నాను. రెండు నెలలుగా అక్క మా గడప తొక్కలేదు."

కారు తలుపు తీశాను. "ఎక్కన్నా. బంకుకు పోదాం. తప్పు నాదని నేనే చెప్తాను."

"బంకుకు తర్వాత," అన్నాడు ఆయన, ఎక్కి కూర్చుంటూ. "ముందు అక్క ఇంటికి తోలు."