హుసేన్‌పీరా ఇండికేటరు వైద్యం

ప్రొద్దుటూరు లారీ మెకానిక్ హుసేన్‌పీరాకు ఒక నియమం ఉంది: రోగం వినగానే పానా పట్టడు. ముందు డ్రైవరును సీట్లో కూర్చోబెట్టి, పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా కిటికీలోంచి చూస్తాడు. జమ్మలమడుగు ఓబుల్‌రెడ్డి నలభై ఏళ్ల నాటి లారీలో, స్టీరింగు కింది ఇండికేటరు డబ్బా రెండుసార్లు బిగించినా ఊడబోయే పన్నులా ఊగుతోంది, దీపం సరిగ్గా వెలగడం లేదు. తెల్లారితే ఫిట్‌నెస్ పరీక్ష. తప్పితే బండి పాతసామాన్ల కొట్టుకే.

"నీ స్క్రూలే మంచివి గావు పీరా," అన్నాడు రెడ్డి.

"స్క్రూల సంగతి తర్వాత. దినామూ ఎట్ల ఎక్కుతావో అట్లే ఎక్కప్పా."

రెడ్డి ఎక్కాడు. స్టీరింగుకు మొక్కాడు. సద్ది క్యారియరు తీసి ఇండికేటరు కడ్డీ మొదట్లో తగిలించాడు.

పీరా క్యారియరు వైపు వేలు చూపాడు. "ఆడ ఎన్నాళ్లనుంచి తగిలిస్తాండావు?"

"ఇంగ యాడ తగిలించాల? కింద పెడితే చారు ఒలకదా?"

న్యాయమైన వాదనే. పీరా డబ్బాను బిగించి, డ్యాష్‌బోర్డుకు ఇనుప కొక్కెమొకటి అమర్చి, క్యారియరును స్వహస్తాలతో అక్కడికి మార్చాడు. మర్నాడు పరీక్షలో కుడి సిగ్నలు వేయమంటే రెడ్డి వేశాడట. డబ్బా కదల్లేదు, దీపం వెలిగింది. ఇన్నాళ్ల అలవాటు కొద్దీ చెయ్యి కూడా బయట పెట్టాడట. ఇన్‌స్పెక్టరు రెండింటినీ పాస్ చేశాడని విని, పీరా ఆ పూట రెండో టీ తెప్పించుకున్నాడు.