చీరన్నర పొడుగు బండి

మూతికి గుడ్డ కట్టుకుని, ఎదురుగా మనిషి వస్తే గోడకు అంటుకుపోయి నడిచిన ఆ రోజుల్లో నేను కొత్త కోడలిని. కాళ్లకు పెట్టిన పసుపు కూడా సరిగా వదల్లేదు. కరీంనగర్ అవతలి పల్లె నుంచి సూరత్‌లోని అమ్రోలికి కాపురానికి వచ్చాను. వచ్చి ఇంకా సామాన్లు సర్దుకోనేలేదు, మా ఆయన బాబాయి కొడుకు పెళ్లని ఊరికి బయలుదేరాడు. "నాలుగు దినాలల్ల వస్త" అన్నాడు. ఆ నాలుగు దినాలు గడవకముందే దేశమంతా తాళం పడింది. ఆయన అక్కడ చిక్కుకున్నాడు, నేను ఇక్కడ చిక్కుకున్నాను. ఆయన పాలికి చుట్టాలు, పెళ్లి లడ్డూలు వచ్చాయి. నా పాలికి వాళ్లమ్మ వచ్చింది. ఆ పంపకం న్యాయమైనదని నాకు ఇప్పటికీ అనిపించదు.

మా అత్తమ్మ మాట్లాడే మనిషి కాదు. మగ్గాల కార్ఖానాలో బాబిన్లకు దారం చుట్టే పని ఆమెది. ఏళ్ల తరబడి ఆ మోతలో పని చేసి, ఎలాగూ ఎవరికీ వినపడదు గదా అని మాటలు మానేసిందట (ఇది మా ఆయన చెప్పిన కారణం. నేను నచ్చక మానేసిందని నా అనుమానం). కార్ఖానాలు మూసేసిన మొదటి రాత్రి గడిచాక పొద్దున్నే లేచి, "చప్పుడు లేకపోయేసరికి నిద్ర వట్టలేదే పిల్లా" అంది. కాపురానికొచ్చాక ఆమె నాతో అన్న అన్నిటికన్నా పొడుగు మాట అదే. నాకు మాత్రం ఏడుపు తప్ప ఇంకో పని లేదు. భాష రాని ఊరు, మొగుడు లేని ఇల్లు, మాట్లాడని అత్త. వినపడకూడదని బాత్రూంలో దూరి, నల్లా విప్పి మరీ ఏడ్చేదాన్ని. ఒకరోజు తలుపు మీద కొట్టి, "ఏడిస్తే ఏడువు గని నల్ల బందుచెయ్. నీళ్లు ఒడుస్తయ్" అంది. ఆ తర్వాత ఏడవాలన్నా సిగ్గేసింది.

నా ఫోన్‌లో మా ఆయన దాచిపెట్టిపోయిన వీడియో ఒకటి ఉంది. ఎవరో తెల్లవాళ్లు, మొగుడూ పెళ్లాం, బస్సంత బండిలో ఇల్లు పెట్టుకుని సముద్రం పక్కనే పోతుంటారు. బండిలోనే పొయ్యి, మంచం, బీరువా, స్నానాల గది. బయట నీలంగా నీళ్లు. నెట్ అయిపోయిన ఒకరోజు గతిలేక దాన్నే చూస్తూ కూచున్నాను. వెనక నుంచి అత్తమ్మ తొంగి చూసింది.

"ఏందే అది?"

"మోటర్ హోమ్ అంటరట అత్తమ్మా. ఇల్లే బండి."

"కిరాయికుంటున్నరా, సొంతమా?"

"సొంతమే కావచ్చు."

కాసేపు చూసి, "పొయ్యి పక్కకే పాయిఖాన వెట్టుకున్నరు. థూ! గివేం మనుషులే!" అంది (మా గది కూడా అచ్చం అంతే. పొయ్యి దగ్గర కూచుని చెయ్యి చాపితే బాత్రూం తలుపు తగిలేది. మా దానికి చక్రాలు లేవు, అంతే తేడా. ఆ మాట పైకి అనలేదు, కొత్త కోడలిని గదా). థూ అన్న మనిషి అక్కడే కూలబడి వీడియో చివరిదాకా చూసింది. మర్నాడు గిన్నెలు తోముతుంటే తానే వచ్చి, "పిల్లా, ఆ సముద్రం బండి వెట్టు జర" అంది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అన్నేళ్లు సూరత్‌లో బతికి ఆమె సముద్రం చూడలేదు. "గిక్కడ్నే డుమస్‌ల ఉన్నదంటరు. ఎన్నడు వోలే" అంది.

"ఎందుకు వోలే అత్తమ్మా?"

"యాడికి వోతది, ఉంటది గదా అనుకున్న." ఫోన్‌లోని నీళ్లవైపే చూస్తూ అంది, "గిట్ల తాళం వడతదని ఎవలకెర్క?"

ఆ సాయంత్రమే మా ప్రయాణం ఖాయమైపోయింది. తాళం తీయగానే అలాంటి బండి ఒకటి మాట్లాడుకుని సముద్రం పక్కనుంచి పోవడం. ఎక్కడ దొరుకుతుంది, ఎవరిస్తారు అని ఇద్దరమూ అడగలేదు, ఎందుకంటే అడిగితే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. ఏమేం తీసుకుపోవాలన్న దగ్గర మాత్రం నిజంగానే కొట్లాడుకున్నాం. ఆమె మసాలా నూరే రాయి లేకుండా కదలనంది. "గంత బరువు వెడితే బండి ఒక్క దిక్కు ఒరుగుతది" అన్నాను. నన్ను కిందినుంచి పైకి చూసి, "నువ్వు ఇంకో దిక్కు కూసో" అంది. రెండు పూటలు నేను ఆమెతో మాట్లాడలేదు. మా ఆయన ఫోన్ చేసినప్పుడు సంగతంతా చెబితే పకపకా నవ్వి, "మరి నేను యాడ పండుకోవాలె?" అన్నాడు. అత్తమ్మ పక్కనుంచి, "వాన్ని పెండ్లి కాడ్నే ఉండుమను" అంది.

దారి దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. దమణ్, బొంబాయి, రత్నగిరి, గోవా, అక్కడినుంచి ఇంకా కిందికి. బాగానే ఉంది. కానీ చివరికి బండి మా ఊరికి చేరాలట, సముద్రాన్ని మాత్రం ఎక్కడా విడవకూడదట.

"మన ఊరికి సముద్రం లేదు గదా అత్తమ్మా!"

"లేదని నాకు దెల్వదా? తొవ్వ నువ్వే చూడు. సదువుకున్నవు గదా."

ఫోన్‌లో పటం పెట్టుకుని, ఛార్జింగ్ అయిపోయేదాకా దేశం చుట్టూ వేలు తిప్పాను. సముద్రం వెంట వెళితే కరీంనగర్ తప్ప అన్ని ఊళ్లూ వచ్చాయి.

బండి ఎంత ఉంటుందో చూడాలని ఆమెకు బుద్ధి పుట్టింది. వీడియోలో ఎనిమిది మీటర్లని రాసి ఉందని చెప్పాను. మీటర్ల లెక్క ఆమెకు ఒక పట్టాన ఎక్కదు. "చీరలల్ల చెప్పు" అంది. లెక్కేసి, "చీరన్నర" అన్నాను. "పన్నా?" అంది. పన్నా అంటే గుడ్డ వెడల్పు. రెండు పన్నాలుంటుందన్నాను. లేసు కుట్టడానికని రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చి, వెనక్కి పోలేక మా గదిలోనే ఇరుక్కుపోయిన చీరల కట్టలు ఉన్నాయి. అందులోంచి ఒకటి తీసుకుని ఇద్దరం అగాసి మీదికి ఎక్కాం (డాబాని అక్కడ అగాసి అంటారు). "కింద వెట్టకు. మాల్ మాసిందనుకో, సేఠ్ నా తోలు దీస్తడు" అని హెచ్చరించింది. అందుకని చీరను నేలకు తగలనివ్వకుండా చెరో కొసా పట్టుకుని గాలిలోనే సాగదీసి, ఎవరి కాలి బొటనవేలి దగ్గర వాళ్లం సుద్దతో గీత పెట్టుకున్నాం. వంగినప్పుడల్లా కొస జారడం, ఆమె తిట్టడం. మొత్తానికి చీరన్నర పొడుగు, రెండు పన్నాల వెడల్పు బండి అగాసి మీద తయారైంది. అందులో పొయ్యి ఒక మూల, మంచం ఒక మూల, కిటికీలు రెండు దిక్కులా గీశాను. పాయిఖానా మాత్రం బండి బయట గీయించింది.

"ఎవలు నడుపుతరు?" అన్నాను.

"నేను లేనా? గన్ని మగ్గాల సందులల్ల తిరిగినదాన్ని, గిదెంత!" అని బకెట్ బోర్లించి కూచుని, జల్లెడను స్టీరింగ్‌లా చేత్తో పట్టుకుంది. నేను వెనక చాప మీద కూచున్నాను. నవ్వు ఆపుకోలేక పోతున్నాను, ఆమె మాత్రం ముందుకే చూస్తోంది. ఎదురింటి అగాసి మీద గోధుమలు ఎండబోసుకుంటున్న గుజరాతీ బెన్ (అక్కడ ఆడవాళ్లను అలాగే పిలుస్తారు) ఇదంతా చూసి, ఎక్కడికి ప్రయాణమని అడిగింది. "గోవా!" అని అరిచింది అత్తమ్మ. బెన్ ముసలి మొగుడు వెనకనుంచి లేచి నిలబడి, "మనే దమణ్ ఉతారీ దేజో!" అన్నాడు, నన్ను దమణ్‌లో దింపేయమని (గుజరాత్‌లో మందు దొరకదు, దమణ్‌లో దొరుకుతుంది). బెన్ ఆయన్ని తిట్టిన తిట్లకు నాకు అనువాదం అవసరం రాలేదు. ఆ తర్వాత రోజూ ఎండ చల్లబడగానే అగాసి మీదికి ఎక్కేవాళ్లం. నిజం చెబుతున్నాను, నా పెళ్లయ్యాక మొదటిసారి నవ్వింది ఆ సుద్ద గీతల మధ్యనే.

అంతలో ఊరికి బస్సు వచ్చింది. అమ్రోలిలో, కోసాడ్‌లో ఉన్న మనవాళ్లంతా కలిసి పర్మిషన్ తెచ్చి మాట్లాడుకున్న బస్సు. సగం సీట్లే నింపాలట. మా ఇంటికి ఒక్కటే మిగిలింది.

"నువ్వు వో. ఆడు ఒక్కడు ఉన్నడు" అంది అత్తమ్మ.

"నువ్వో? పానం బాగలేకుంటె ఎవలు జూస్తరు అత్తమ్మా?"

"నాకేమైతదే! ఇద్దరం వోతే గీ రూం ఇంకెవలకన్న ఇస్తరు. కార్ఖాన తెరుస్తరు గద రేపో మాపో. నువ్వు వో."

"ఒక్కదానివి ఎట్లుంటవ్?"

"బండి ఉన్నది గదా. రోజింత దూరం వోత" అంది.

నాకు మొగుడి దగ్గరికి పోవాలనీ ఉంది, ఈమెను వదలాలనీ లేదు. ఆ రెండూ కలిపి ఏడ్చాను. ఈసారి నల్లా విప్పలేదు. అత్తమ్మ సర్వపిండి చేసి మూట కట్టి, సందు చివరిదాకా వచ్చి, "కిటికి కాడ కూసో" అని చెప్పి వెనక్కి తిరిగింది. కిటికీ దగ్గరే కూచున్నాను. మహారాష్ట్ర మొత్తం ఎండిన చేలే. ఎక్కడా సముద్రం కనపడలేదు.

ఊళ్లో దిగగానే నన్ను ఇంటికి పోనివ్వలేదు. బయటినుంచి వచ్చినవాళ్లు బడిలో ఉండాలన్నారు. బస్సులో వచ్చిన ఆడమనిషిని మా ఊరికి నేనొక్కదాన్నే కాబట్టి ఒక క్లాసు గది మొత్తం నాకిచ్చారు. గోడ నిండా అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. ఎవరి కోసం అంత దూరం వచ్చానో ఆ మొగుడు గేటు అవతల నిలబడి, రైలెక్కిన చుట్టానికి ఊపినట్టు నాకు చెయ్యి ఊపి, టిఫిన్ డబ్బా పెట్టి పోయేవాడు. ఆ గదిలో ఉన్నంత ఒంటరిగా నేను ఎప్పుడూ లేను.

సాయంత్రం కాగానే అత్తమ్మ ఫోన్ చేసేది. మాట్లాడని మా అత్తమ్మే.

"దమణ్ దాటిన. ఆ ముసలాయనను దించిన. మల్ల ఎక్కలే."

ఇంకోరోజు, "బొంబాయిల రష్షే లేదు పిల్లా. అందరు ఇండ్లల్లనే ఉన్నరు గదా. ఇట్లవోయి అట్ల బయటవడ్డ."

రత్నగిరిలో మామిడిపళ్లు తిన్నదట, పుల్లగా ఉన్నాయట. ఒకరోజు దారిలో చక్రం గాలి పోయిందట, బెన్ మొగుడుంటే పనికొచ్చేవాడట. ఎండ లేదా అగాసి మీద అంటే, "ఏసీ బండి గదనే" అనేది. చివరికి గోవా చేరింది.

"సముద్రం ఎట్లున్నది అత్తమ్మా?"

"మన మానేరు నిండుగ పారితే ఉంటది సూడు, గట్ల. గని అవతలి ఒడ్డు లేదు" అంది.

పొద్దంతా ఆ ఫోన్ కోసమే కూచునేదాన్ని. బడి నుంచి వదిలిపెట్టి ఇంట్లోకి రానిచ్చాక, ఇంటినిండా మనుషులున్నా సాయంత్రం ఫోన్ తీసుకుని వాకిట్లోకి వచ్చేదాన్ని. వానలు పడ్డాక, "ఆన కొడుతున్నది. గోవలనే ఆపిన" అంది. అంతకన్నా ముందుకు పోలేదు.

రైళ్లు మొదలయ్యాక మా ఆయనా నేనూ సూరత్ వచ్చాం. అత్తమ్మ బాగా చిక్కిపోయింది. కార్ఖానా తెరిచారని, పని ఉందని, ఒక్క మాటలో చెప్పి పొయ్యి దగ్గరికి పోయింది. నేను మెల్లగా అగాసి ఎక్కాను. వానలకు గీతలన్నీ కొట్టుకుపోయాయి. ఎదురింటి బెన్ నన్ను చూసి సంబరపడి, అంతలోనే గొంతు తగ్గించి అడిగింది, "తేరీ సాస్ కో క్యా హువా థా? తూ గయీ ఉస్ కే బాద్ ఏక్ దిన్ భీ ఊపర్ నహీ ఆయీ." మీ అత్తకు ఏమైంది, నువ్వు పోయాక ఒక్కరోజు కూడా పైకి రాలేదు అని. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా రాలేదట. మధ్యాహ్నం నుంచే ఆ డబ్బా ఫోన్ ఒళ్లో పెట్టుకుని గది గడపలో కూచునేదట, సాయంత్రం అయ్యేదాకా.

నేను ఆ ఖాళీ అగాసి మీద చాలాసేపు నిలబడ్డాను. కిందికి దిగి, ఆమె పక్కన కూచుని, "అత్తమ్మా, గోవల బండి యాడ వెట్టినవ్?" అన్నాను.

నావైపు చూడలేదు. ఉల్లిగడ్డ కోస్తూ, "చెట్టు నీడకు వెట్టిన. ఏమైతది దానికి?" అంది.

ఆ తర్వాత ఎన్నాళ్లకో ఒక సెలవు రోజు మా ఆయన స్నేహితుడి ఆటోలో ముగ్గురం నిజంగానే డుమస్ పోయాం. నల్ల ఇసుక, ఎక్కడో దూరంగా బురద రంగు నీళ్లు, జనం, టమాట భజియాల వాసన. మా ఆయన, అమ్మ ఇన్నేళ్లకు సముద్రం చూస్తోంది గదా, ఏమంటుందో అని ఆమె మొహమే చూస్తున్నాడు. అత్తమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని, భజియా నములుతూ చాలాసేపు నీళ్లవైపు చూసింది.

"గిదేం సముద్రం! గోవలనే మంచిగుండె" అంది.

మా ఆయన నోరు తెరిచాడు. "అమ్మా, నువ్వు గోవా ఎప్పుడు వోయినవే?"

"నువ్వు పెండ్లిల లడ్డులు తినవట్టినప్పుడు. మేం ఇద్దరం వోయినం."

ఆయన నావైపు తిరిగాడు. ఇంతకాలం తర్వాత కూడా నాకు నవ్వూ కన్నీళ్లూ కలిసి వచ్చేది ఆ ఒక్క మాట దగ్గరే. ఆ రోజు మాత్రం నేను ఏడవలేదు, నవ్వలేదు.

"అవును, వోయినం" అన్నాను. "మామిడిపండ్లు పుల్లగుండె."