న్యాల్‌కల్ దారిలో నేను విన్న కడబూర

సర్వశక్తిగల ప్రభువుకు స్తోత్రం. నాబోటి తెలివితక్కువవాళ్ళను ఇంతకాలం భూమ్మీద ఉంచినందుకు మరోసారి స్తోత్రం. ఒక ఊరు ఊరంతా కలిసి చేసుకున్న పనిని ఒంటిచేత్తో ఎలా చెడగొట్టానో చెబుతాను, వినండి.

ఎనభైల మొదట్లో మాట. జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళు తమ నీళ్ళనూ నేలనూ తామే కలిసి కాపాడుకోగలవా అని హైదరాబాద్ ప్రొఫెసరుగారొకరు పరిశోధన చేస్తుండేవారు. ఊరూరా తిరిగి ప్రశ్నలడిగే ఉద్యోగం నాది. డిగ్రీ కొత్త, చెప్పులు కొత్త, గర్వం మాత్రం పాతదే. ఆదివారాలు సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి. లోకాంతాన ప్రభువు వచ్చేటప్పుడు కడబూర మోగగానే విశ్వాసులు ఉన్నపళంగా ఆకాశానికి ఎత్తబడతారనీ, మిగిలినవాళ్ళు ఏడుస్తారనీ బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. మిగిలేది ఎవరో కూడా నాకు తెలిసినట్టే ఉండేది.

ఒక గురువారం న్యాల్‌కల్ దారిలో బస్సు దిగి ఒక పల్లెకు నడిచాను. ఊరి మొదట్లో బాటకు అడ్డంగా తుమ్మకంప పడి ఉంది. ఈ ఊళ్ళో బాట బాగోగులు చూసే దిక్కు కూడా లేదనుకుని, కంపను పక్కకు లాగేసి లోపలికి వెళ్ళాను.

మనిషి లేడు. కుక్క లేదు. కోడి లేదు. తలుపులన్నీ దగ్గరగా వేసి ఉన్నాయి, ఒక్కదానికీ తాళం లేదు. ఒక అరుగు మీద సగం గీకిన అల్లం. ఒక ఉయ్యాల ఖాళీగా వేలాడుతోంది. గాలి కూడా లేదు. వాకిట్లో పొయ్యిలో చెయ్యి పెట్టి చూశాను. బూడిద చల్లగా ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో నా చెప్పుల చప్పుడే నా వెనకాల ఎవరో నడుస్తున్నట్టు వినిపించింది. ఆగాను. అదీ ఆగింది. ఎవరైనా ఉన్నారా అని కేకేస్తే గోడలు అదే ప్రశ్న నన్నడిగాయి.

అప్పుడు, చెరుకుతోటల అవతల ఎక్కడో, బూర మోగింది.

కడబూరే అనుకున్నాను. ప్రభువు వచ్చి వెళ్ళిపోయాడు. బాప్తిస్మం పొందని ఈ ఊరినంతా కోళ్ళతో సహా తీసుకుపోయాడు. వాక్యం చెప్పే నన్ను వదిలేశాడు. వీధి మధ్య బోర్లాపడి నా పాపాలన్నీ అరిచి ఒప్పుకున్నాను. సంఘంలో పక్కవాడి పాట వినపడకుండా గొంతు పెంచడం దగ్గర నుంచి, ఊళ్ళు చూడకముందే ఈ జనానికి ఐక్యత లేదని తేల్చేసుకోవడం దాకా.

"ఎవల్రా అది ఊల్లె?"

తలెత్తి చూస్తే, నేను కంప లాగేసిన చోట బయట ఊరంతా నిలబడి ఉంది. ఒక్క కాలూ లోపలికి పడటం లేదు. అందరికంటే ముందు లింగవ్వ అనే ముసలామె, పక్కన కొమ్ముబూర పట్టుకున్న మనిషి.

"నన్నూ తీసుకుపోండి అవ్వా" అన్నాను ఏడుస్తూ.

"యాడికి బిడ్డా? పొలంల పప్పు ఉడుకుతున్నది. జర బయటికొస్తె నీకు సుత పెడ్త."

వానలు తప్పినప్పుడు వాళ్ళకు ఊరు విడుపు ఆచారమట. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా ఊరిని అమ్మవారికి వదిలి, బాటకు కంప అడ్డం వేసి, అందరూ పొలాల్లో ఉంటారు. మధ్యలో ఒక్క మనిషి అడుగుపెట్టినా చెల్లదు, వచ్చే గురువారం మళ్ళీ మొదలు. నేను లోపలికి పోవడం చూసే బూర ఊది అందరినీ పిలిచారట. పిల్లాజెల్లా అందరికీ ఒక రోజు కూలీ, ఒక రోజు ఆశా నా వల్ల పోయాయి. క్షమించమన్నాను. లింగవ్వ అంది:

"మాకు ఐక్యత లేదని ఒర్లుతున్నవ్ గద. పండుముసలోల్లు, బాలింతలు, కోళ్ళు సుత ఒక్క మాట మీద ఎల్లినం. మాట ఇననోనివి నువ్వొక్కనివే."

మళ్ళీ గురువారం కంప దగ్గర కావలి నాకే అప్పజెప్పింది. మధ్యాహ్నం ప్రొఫెసరుగారి జీపు వచ్చింది. చేతులు అడ్డం పెట్టి ఆపాను.

"అసలు ఈ ఊరిని నడిపేదెవరయ్యా?" అన్నారాయన విసుగ్గా.

"ఈ తుమ్మకంప సార్" అన్నాను.

ఒట్టు పెట్టుకోవడం మాకు కూడదు గనుక ప్రభువు ఎదుట తీర్మానించుకున్నాను: ఏ ఊరి కంపనూ అడగకుండా ఇక ముట్టను. నిజంగా బూర మోగే రోజున లింగవ్వ ఊరు మళ్ళీ నాకంటే ముందే బయల్దేరి ఉంటే, కనీసం వాళ్ళ కోళ్ళ వెనకాలైనా నడిచే కృప నాకు దొరకాలని, చదివిన మీరు కూడా నాతో కలిసి ప్రార్థించండి. ఆమేన్.